సైగ లేని దెబ్బ

చియావ్ దెషున్ ఇరవైమూడేళ్ళుగా చేస్తున్న ఉద్యోగం ఏమిటయ్యా అంటే, నిలబడి లెక్కపెట్టడం. తాయ్‌యువాన్ నగరంలో ఆయన పనిచేసే ఆర్కెస్ట్రాలో వయొలిన్ల వాళ్ళు కూర్చుంటారు, ఎడతెగకుండా వాయిస్తారు. వెనక వరసలో జేగంట పక్కన నిలబడ్డవాడు మాత్రం స్వరాల కాగితం మీద తనకి పనిలేని ఖాళీ గళ్ళు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. నూటపన్నెండు గళ్ళు ఖాళీ, ఒక్క దెబ్బ. మళ్ళీ అరవైనాలుగు ఖాళీ, తాళాలు ఒకసారి. లెక్క తప్పితే డెబ్బైమంది వెనక్కి తిరిగి చూస్తారు. తప్పకపోతే ఎవరూ చూడరు.

ఆ డిసెంబరులో ఆయనకి అరవై నిండటానికి ఇంకా రెండు నెలలుంది. కుడిభుజం సరిగ్గా పైకి లేవడం మానేసి ఏడాదైంది. మడమల్లో మంటలు. పొద్దున్నే ఇంత కొర్రగంజి తాగి, బొగ్గుపొగ కమ్మిన వీధిలో నడిచి, బస్సెక్కి హాలుకి చేరేసరికే ఒంట్లో ఉన్న ఓపిక కాస్తా హరించుకుపోయేది. పక్కనే పెద్ద నగారాలు వాయించే దువాన్‌కి నలభై దాటాయి గానీ నోటికి అదుపు లేదు.

"ఏం చియావ్ బాబాయ్, పెన్షనుకి ఇంకా ఎన్ని గళ్ళు?"

"యాభై ఎనిమిది. మాట్లాడించి నా లెక్క చెడగొట్టకు."

ఆయన పని నేర్చుకున్నది ఇలాంటి హాళ్ళలో కాదు. పాత నాటకాల మీద ప్రభుత్వం పెట్టిన పదేళ్ళ నిషేధం ఎత్తేసిన ఏడాది, ఇరవైరెండేళ్ళ వయసులో జిల్లా నాటక సమాజంలో చేరాడు. వాళ్ళు ఆడేది జిన్ నాటకం, అంటే తాయ్‌యువాన్ చుట్టూ ఉన్న షాన్షీ నేల సొంత సంగీత నాటకం. ఊరూరా లారీ మీద తిరిగి, మట్టి అరుగుల మీద ఆడేవాళ్ళు. అందులో పాడేవాళ్ళకీ వాయించేవాళ్ళకీ అందరినీ నడిపే పెద్ద ఎవరంటే, చిన్న డోలు ముందు కూర్చున్న మనిషి. ఆ మనిషి రెన్ వాన్‌ఫూ. నిషేధం ఉన్న పదేళ్ళూ ఇటుకల బట్టీలో బరువులు మోసి, వేళ్ళు మొద్దుబారి, అయినా పుల్ల పట్టుకుంటే వానచినుకులు కురిపించేవాడు. చియావ్‌కి జేగంట అప్పజెప్పి ఆయన చెప్పిన మొదటి పాఠం ఒక్కటే.

"గంట నీదనుకోకురా. నా చేతిది. నా చెయ్యి చెప్పేదాకా నువ్వు లేవు, చెప్పాక ఆగవు. గంట ఆగిందంటే ఆట చచ్చినట్టే."

చియావ్ ఆ మాట ఒంటబట్టించుకున్నాడు. ఆరేళ్ళపాటు ఆ మొద్దువేళ్ళ మీంచి చూపు మళ్ళించలేదు. తర్వాత ఊళ్ళలోకి టీవీలొచ్చాయి, సమాజం చితికింది, నగరం ఆర్కెస్ట్రాలో దరువు వేసేవాళ్ళు కావాలంటే వెళ్ళి పరీక్ష ఇచ్చాడు. ముప్పైఏడో ఏట చిన్నపిల్లల పుస్తకం ముందేసుకుని ఐదు గీతల మీద స్వరాలు చదవడం నేర్చుకున్నాడు. జీతం, పెన్షను, చలికాలం గోడల్లో వేడినీళ్ళు పారే క్వార్టరు. అదృష్టవంతుడివన్నారు అందరూ. ఆయన కాదనలేదు. రెన్ చెయ్యి పోయి సంచాలకుడి కర్ర వచ్చిందంతే. మొత్తం మీద ఎవరో ఒకరు సైగ చెయ్యకుండా ఆయన గంట మీద దెబ్బ వేసింది లేదు, ఒక్క రోజు తప్ప.

ఆ డిసెంబరు మొదటి వారంలో కాంగ్ యూటింగ్ వచ్చింది. ఆ ప్రాంతం ఆడపడుచే. బీజింగ్‌లో చదివి, జర్మనీలో పదకొండేళ్ళుండి, సంగీతం రాసి పేరు తెచ్చుకున్న మనిషి. ముప్పైతొమ్మిదేళ్ళు, మాసిన బూడిదరంగు కోటు, చేతిలో ఎప్పుడూ టీ ఫ్లాస్కు. తన రెండో సింఫనీ మొదటిసారి సొంత నేల మీదే వినిపించాలని ఆవిడ పట్టు. దాని పేరు 'ఊరి అరుగు'.

మొదటి రెండు భాగాలూ చియావ్‌కి మామూలే. మూడో భాగం మధ్యలో ఆర్కెస్ట్రా మొత్తం ఒక్కసారిగా ఆగిపోతుంది. జేగంట ఒక్కటే మిగులుతుంది. ఎనిమిది దెబ్బలు. ఒక్కో దెబ్బకీ మధ్య ఖాళీ ఒక్కోలా ఉంది. ఒకచోట ఐదు అంకెలు, ఒకచోట ఏడున్నర, ఒకచోట మూడు. ఏ లెక్కకీ అందని ఖాళీలు.

సంచాలకుడు ము, షాంఘై మనిషి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని అడిగాడు. "కాంగ్ గారూ, ఇది అచ్చుతప్పు కాదు కదా?"

"కాదండి. అలాగే కావాలి."

దువాన్ గొణిగాడు. "ఏడున్నరట. ఆ అర ఎక్కడ దాచుకోవాలో నువ్వే చూసుకో బాబాయ్."

చియావ్ నవ్వేశాడు. ము కర్ర లేచినప్పుడు మొదటి దెబ్బ వేశాడు. రెండోది వేశాడు. మూడో దెబ్బకి ముందున్న ఆ పొడుగాటి ఖాళీలో నిలబడ్డప్పుడు కాగితం మీంచి చూపు ఎత్తాడు. ఆ ఖాళీ ఆయనకి తెలుసు. కాగితం చూడకుండానే తర్వాతది ఎంతో తెలుసు, ఆ తర్వాతది ఎంతో తెలుసు. ఎనిమిదీ కొట్టి, పక్కనున్న తాళాల పెట్టె మీద కూర్చుండిపోయాడు.

"నడుమా?" అన్నాడు దువాన్.

"నడుమే," అన్నాడు.

నడుము కాదు. అది నాన్‌పో. ముప్పైరెండేళ్ళ కిందట, చలికాలం చివర వచ్చే దీపాల పండగ వారంలో, నాన్‌పో అనే ఊళ్ళో మధ్యాహ్నం ఆట. ఎముకలు కొరికే చలి. జనం పీటలు తెచ్చుకుని, మెడలకి గుడ్డలు చుట్టుకుని కూర్చున్నారు. నింద పడి ఇంట్లోంచి గెంటేసిన ఇల్లాలు మంచులో పడి చనిపోయే ఘట్టం. ఆ ఇల్లాలి వేషం గుయ్‌యేది. చియావ్‌కీ ఆవిడకీ పెళ్ళయి అప్పటికి ఏడాది. ఆవిడ పాట ముగించి అరుగు మీద ఒరిగింది. అక్కడ రెన్ డోలు మీద జల్లు కురిపించి సైగ చేస్తే చియావ్ ఒక్క దెబ్బ వెయ్యాలి, తెర పడాలి.

రెన్ కుడిచెయ్యి లేచింది. లేచి అక్కడే ఉండిపోయింది. పుల్ల వేళ్ళలోంచి జారింది. మనిషి డోలు చట్రం మీదికి మెల్లగా వాలాడు, ఏదో ఆలకిస్తున్నట్టు. సైగ చేసినట్టా, చెయ్యనట్టా? చియావ్‌కి బోధపడలేదు. ఒక దెబ్బ వేశాడు. చెయ్యి కదలలేదు. ఆపమని ఎవరూ చెప్పలేదు. గంట ఆగితే ఆట చచ్చినట్టే. మళ్ళీ వేశాడు. గురువు మొహంకేసి చూస్తూ, సైగ కోసం చూస్తూ, భయం పుట్టినప్పుడల్లా ఒక దెబ్బ. పాడేవాళ్ళూ తీగలు వాయించేవాళ్ళూ ఇదేదో గురువుగారి కొత్త పద్ధతి అనుకుని ఊరుకున్నారు. జనం నిశ్శబ్దంగా, కొంతమంది ఏడుస్తూ వింటున్నారు. ఎనిమిదో దెబ్బ తర్వాత ఎవరో తెర లాగారు. తొమ్మిదోది ఆయన తెర వెనక కొట్టాడు. అప్పుడు తాళాలవాడు కేక వేశాడు. వేషాల పెట్టెల మీద పడుకోబెట్టి లారీలో తీసుకెళ్ళారు. జిల్లా ఆసుపత్రి చేరకముందే రెన్ పోయాడు.

చియావ్‌ని ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ఆయనకి చాలా ఏళ్ళు అనిపించింది. మొదటి దెబ్బకీ తొమ్మిదో దెబ్బకీ మధ్య ఎంతసేపుంటుంది? నిమిషమో, నిమిషంన్నరో. గంట కర్ర పడేసి నాలుగడుగులు వేస్తే అందే దూరంలో మనిషి. గుయ్‌యేతో ఆయన ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. ఆవిడా ఎత్తలేదు. కూతురు పుట్టాక ఆవిడ గొంతు పోయింది, ఆట మానేసింది.

మూడు రోజులు రిహార్సలులో ఆ ఎనిమిది దెబ్బలూ వేశాడు. రోజుకి నాలుగుసార్లు. ఇంటికొచ్చి అన్నం సగంలో వదిలేస్తే గుయ్‌యే అడిగింది, "ఏమయ్యా, ఎవరేమన్నారు?" భుజం నొప్పి అన్నాడు. ఆవిడ వేడినీళ్ళ సీసా తెచ్చి భుజం మీద పెట్టింది. అది చల్లారేదాకా అలాగే గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

నాలుగో రోజు విరామంలో, అందరూ టీకి వేడినీళ్ళు పట్టుకునే కుళాయి దగ్గర, కాంగ్ ఒక్కతే ఉండగా వెళ్ళాడు.

"కాంగ్ గారూ, ఒకటి అడగాలి. మీది ఏ ఊరు?"

"పట్నమే మాష్టారూ. చిన్నప్పుడు సెలవులకి అమ్మమ్మగారి ఊరు వెళ్ళేదాన్ని. నాన్‌పో అని, మీరు విని ఉండరు."

"విన్నాను. ఆ గంట అక్కడిదేనా?"

ఆవిడ ఫ్లాస్కు పట్టుకునే వెనక్కి తిరిగింది. "మీరెలా కనిపెట్టారు? తాతయ్య భుజాల మీద కూర్చుని చూశాను. నాకు ఏడేళ్ళు. ఆట గుర్తులేదు, గంటే గుర్తుంది. పెద్దయ్యాక జిన్ నాటకం తెలిసినవాళ్ళని ఎంతమందిని అడిగానో. అలాంటి దరువే లేదు పొమ్మన్నారు. జర్మనీలో ఒంట్లో బాగాలేక పడుకున్నప్పుడల్లా అదే వినబడేది. చివరికి నేనే కల్పించుకున్నానేమో అనుకున్నాను."

"కల్పించుకోలేదు. కానీ అది దరువు కాదమ్మా," అన్నాడు చియావ్. "అక్కడ ఒక మనిషి చచ్చిపోతున్నాడు. ఇంకో వెధవ ఏం చెయ్యాలో తోచక గంట కొట్టుకుంటూ కూర్చున్నాడు. ఆ వెధవని నేను."

నీళ్ళు ఫ్లాస్కు నిండి ఆవిడ వేళ్ళ మీద పొర్లాయి. చురుక్కుమని కుళాయి కట్టేసింది. ఆయన చెప్పాల్సింది నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. ఆవిడ తడి వేళ్ళు కోటుకి తుడుచుకుంది.

"తీసెయ్యమంటారా మాష్టారూ?"

"తీసేస్తే అక్కడేం ఉంటుంది?"

"ఏం ఉండదు. ఆ భాగమంతా దాని చుట్టూ కట్టిందే."

"అయితే ఉంచండి. ఇంతమంది నాలుగు రోజులుగా ఒళ్ళు హూనం చేసుకున్నారు." వెళ్ళబోతూ ఆగాడు. "ఎనిమిది కాదు. తొమ్మిది. ఆఖరిది మీ తాతగారు మిమ్మల్ని ఎత్తుకుని వెళ్ళిపోయాక పడి ఉంటుంది."

ఎందుకు చెప్పాడో ఆయనకే తెలీదు. మర్నాడు పొద్దున ఆయన ముందు కొత్త కాగితం ఉంది. ఎనిమిది దెబ్బల తర్వాత గళ్ళు లేని తెల్లటి జాగా, దాని చివర తొమ్మిదో దెబ్బ. పైన చేత్తో రాసిన వాక్యం: దీనికి సంచాలకుడు సైగ చెయ్యరు.

సంచాలకుడికి ఒళ్ళు మండింది. "నేను చేతులు దించేశాక దెబ్బేమిటండీ? జనం అయిపోయిందనుకుని చప్పట్లు కొడతారు."

"కొట్టనివ్వండి," అంది కాంగ్.

ఆ రోజు మొదటిసారి చియావ్‌కి కోపమొచ్చింది. రిహార్సలు అవగానే ఆవిడని మెట్ల దగ్గర నిలేశాడు. "నా నెత్తిన ఎందుకు పెడతారమ్మా ఇది? సైగ చెయ్యమనండి, కొడతాను. నా ఉద్యోగం అదే. రెండు నెలల్లో ఇంటికి పోయేవాణ్ణి."

"ఆ రోజు ఎవరైనా సైగ చేశారా మాష్టారూ?"

"చెయ్యలేదనేగా ఇన్నేళ్ళూ..." 

"మీరు కొట్టకపోయినా నేనేమీ అనను," అంది ఆవిడ మెల్లగా. "ఎనిమిదితో ఆగిపోయినా సరే. నిజంగానే."

ఆ దయ ఆయనకి ఇంకా చిరాకు తెప్పించింది. ఇంటికి బస్సులో రెండు స్టాపుల ముందే నిద్ర పట్టింది. లేచేసరికి డ్రైవరు భుజం తడుతున్నాడు.

గుయ్‌యే పొయ్యి ముందు నిలబడి, నూడుల్స్‌కి కలిపిన పిండిముద్ద ఒక చేత్తో పట్టుకుని, వంపు కత్తితో పట్టీలు పట్టీలుగా మరిగే నీళ్ళలోకి చెక్కుతోంది. చియావ్ కోటు విప్పకుండానే అన్నాడు, "ఆదివారం మధ్యాహ్నం కచేరీ. నువ్వు రావాలి."

"నువ్వు నిలబడితే చూడ్డానికి నేను రెండు గంటలు కూర్చోవాలా? ఇంట్లో ఊరికే చూస్తున్నాగా."

"ఇందులో నాన్‌పో ఉంది."

కత్తి ఆగింది. కుండలో నీళ్ళు కుతకుతమంటున్నాయి. మళ్ళీ కత్తి కదిలింది, ముద్ద అయిపోయేదాకా కదిలింది. ఆవిడ నల్ల వెనిగరు సీసా తెచ్చి బల్ల మీద పెట్టి అంది, "ఏ స్వెటరు వేసుకోను?"

ఆదివారం హాలు సగమే నిండింది. దగ్గులు, పొద్దుతిరుగుడు గింజల పొట్లాల గలగల. గుయ్‌యే పద్నాలుగో వరసలో, ముదురెరుపు స్వెటరులో, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మొదటి రెండు భాగాలూ సాగాయి. మూడోదాంట్లో ఆర్కెస్ట్రా ఆగింది. ము కర్ర లేచింది. చియావ్ ఒకటి వేశాడు, రెండు వేశాడు, కర్ర ఎప్పుడు లేస్తే అప్పుడు వేసుకుంటూ పోయాడు. ఎనిమిది. ము చేతులు దించాడు.

ముందు వరసలో ఎవరో రెండు చప్పట్లు కొట్టి, ఎవరూ కలవకపోయేసరికి ఆపేశారు. తర్వాత దగ్గులు కూడా ఆగాయి. చియావ్ కాగితం చూశాడు. లెక్కపెట్టడానికి గళ్ళు లేవు. దువాన్ మొదటిసారి జోకు లేకుండా ఆయనకేసి చూస్తున్నాడు. పద్నాలుగో వరసలో గుయ్‌యే కళ్ళు మూసుకుని ఉంది. ఇప్పుడు చేతిలోని గంట కర్ర కింద పెట్టేసి పక్కకి తప్పుకోవచ్చు, ఆ రోజు తప్పుకోవాల్సినట్టే. ఎవరూ ఏమీ అనరు. కాంగ్ మాట కూడా ఇచ్చింది.

భుజం లేవలేదు. ఎడమచేత్తో కుడిమోచేతిని ఎత్తి పట్టుకుని కొట్టాడు. దెబ్బ నడిమధ్యన పడలేదు, అంచుకి దగ్గరగా పడింది. బొంగురుగా, ఆయన అనుకున్నదానికంటే మెత్తగా వచ్చింది. నీళ్ళలో రాయి వేసినట్టు హాలంతా మెల్లగా పాకి, చాలాసేపటికి అణిగింది. దాని వెనకే తీగలు సన్నగా నాలుగో భాగం ఎత్తుకున్నాయి. ఆయన మళ్ళీ లెక్కలో పడ్డాడు. నూటముప్పై గళ్ళు ఖాళీ.

చివర్లో చప్పట్లు ఓ మోస్తరుగా మోగాయి. కాంగ్ వేదిక మీదికొచ్చి, వెనక వరసకేసి చెయ్యి చాపి, చియావ్‌ని లేచి నిలబడమంది. ఆయన అప్పటికి గంటంబావు నుంచీ నిలబడే ఉన్నాడు. ఏం చెయ్యాలో తెలీక ఒక క్షణం కూర్చుని మళ్ళీ లేచాడు. జనం నవ్వారు, ఈసారి చప్పట్లు కొంచెం గట్టిగా కొట్టారు.

బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే సీట్లు దొరికాయి. కిటికీ అద్దం నిండా ఆవిరి. నాలుగు స్టాపులు దాటాక గుయ్‌యే అంది,

"నేను కళ్ళు మూసుకోలేదు."

"చూశాను. మూసుకునే ఉన్నావు."

"ఇవాళ కాదయ్యా. ఆ రోజు." ఆవిడ సంచి పిడిని మెలిపెడుతోంది. "చచ్చిపోయినదాన్ని, మూసుకోవాలి. నేను సగం తెరిచే ఉంచేదాన్ని, కన్నీళ్ళు మెరిస్తే జనానికి బాగుంటుందని. ఆయన వాలిపోవడం నీకంటే ముందు నేనే చూశాను. నువ్వు మొదటి దెబ్బ వెయ్యకముందే."

చియావ్ ఆవిడకేసి తిరిగాడు. 

"చూసి?"

"శవాన్ని కదా. శవం ఎలా లేస్తుంది? ఊరు ఊరంతా ఏడుస్తోంది. నువ్వేమో కొడుతూనే ఉన్నావు. నువ్వు ఆపితే లేద్దామని పడుకున్నాను."

"నేనేమో, ఎవరైనా లేస్తే ఆపుదామని కొడుతున్నాను."

ఆవిడ నవ్విందో ఏడ్చిందో, గొంతు పోయిన మనిషి కాబట్టి తేడా తెలియలేదు. "ముప్పైరెండేళ్ళు, ఇదా నీ కడుపులో ఉన్నది?" అంది. "నేను నీకు చెబితే నన్ను వదిలేస్తావనుకున్నాను, పిచ్చిదాన్ని."

ఆయన ఆవిడ ఒళ్ళో ఉన్న సంచి తీసి తన ఒళ్ళో పెట్టుకున్నాడు. దిగాల్సిన స్టాపు ఎప్పుడో దాటిపోయింది. రెండు స్టాపులు వెనక్కి నడిచారు. ఆవిడకి మోకాళ్ళు, ఆయనకి మడమలు. దారిలో మూడుచోట్ల ఆగారు.

ఫిబ్రవరిలో ఆయన్ని సాగనంపుతూ ఆర్కెస్ట్రావాళ్ళు భోజనం పెట్టి, స్టీలు ఫ్లాస్కు ఒకటి ఇచ్చారు. కాంగ్ వేరే ఊరి నుంచి ఫోను చేసింది. సింఫనీ చెంగ్డూలో వేస్తున్నారనీ, అక్కడి గంట మనిషికి తొమ్మిదో దెబ్బ ఎంతసేపటికి వెయ్యాలో పాలుపోవడం లేదనీ, ఏం చెప్పమంటారనీ అడిగింది. "నాకూ తెలీదని చెప్పండమ్మా," అన్నాడు చియావ్.

ఏప్రిల్లో, సమాధులు ఊడ్చే పండగకి, మొగుడూ పెళ్ళాం బస్సులు మారి రెన్ వాన్‌ఫూ ఊరు వెళ్ళారు. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. గురువుగారి కొడుకు లారీ నడిపి నడిపి రిటైరైన మనిషి, వీళ్ళని గుర్తుపట్టలేదు. 

"నాన్నతో ఆడినవాళ్ళా? చాలామంది ఉండేవారుట. నేనెప్పుడూ చూళ్ళేదు," అంటూ పొలంలో సమాధి చూపించాడు. చియావ్ చెప్పుకోవాలని బస్సులో కూడబలుక్కున్న మాటలన్నీ ఆ మనిషి మొహం చూశాక అక్కర్లేనివిగా తోచాయి. గడ్డి పీకి, ఆయనకి చేరాలని కాగితపు డబ్బు కాల్చి, ఒక గ్లాసు జొన్నసారా మట్టిలో పోశారు. గుయ్‌యే వంగి మూడుసార్లు మొక్కింది, లేవడానికి చియావ్ చెయ్యి పట్టుకోవాల్సొచ్చింది. కొడుకు బలవంతం చేసి ఇంట్లో నూడుల్స్ పెట్టాడు. ఉప్పెక్కువైంది. ఇద్దరూ మొత్తం తిన్నారు.

ఇల్లు చేరాక చియావ్ చెప్పులు విప్పి మంచం మీద వాలి, మర్నాడు మధ్యాహ్నందాకా లేవలేదు. గుయ్‌యే లేపలేదు. పాలవాడు వచ్చి తలుపు కొడితే, మెల్లగా కొట్టమని బయటికెళ్ళి చెప్పి వచ్చింది.